కంచు కానీలు తోమాలా, వద్దా?

నాగావళి_ఒడ్డు:
శ్రీకాకుళం వైపు పాత సామాన్లలో దొరికే కానీలకు, అంటే బ్రిటిష్ కాలపు పావు అణా నాణేలకు, మట్టి, చిలుము పట్టి సంవత్సరం కూడా కనబడదు. పైగా 1906 నాటి ఎడ్వర్డ్ రాజు కానీ రాగిలోనూ ఉంది, కంచులోనూ ఉంది. చింతపండు, ఉప్పు వేసి తోమితేనే కదా లోహం రంగు తేలేది? తోమాలనే అంటాను.

గంటస్తంభం:
రంగుతో తేలదండి. ఆ కంచులోనూ ఎక్కువ భాగం రాగే, తోమాక రెండూ ఎర్రగానే ఉంటాయి. తేల్చేది త్రాసు. రాగి కానీ 6.48 గ్రాములు, కంచుది 4.86. వెడల్పు ఒకటే, కంచుది పలచన. బాగా అరిగిన నాణెంలో కూడా ఒకటిన్నర గ్రాముల తేడా దాగదు.
చింతపండు పులుపు మట్టితో ఆగదు, వందేళ్లుగా పట్టిన గోధుమరంగు పొరనూ తినేస్తుంది. మిగిలేది గులాబీరంగు పచ్చి లోహం. బుడితి బిందెకు అది మెరుగు, నాణేనికి నష్టం. ఆ రంగు చూడగానే తెలిసినవాళ్లు ధర తగ్గిస్తారు.

వంశధార_77:
అలాగని అసలు ముట్టుకోవద్దనే మాటా ఒప్పుకోను. ముదురు ఆకుపచ్చగా, గట్టిగా, నున్నగా ఉన్న చిలుమును వదిలేయండి, అది నాణేనికి కాపు. లేత ఆకుపచ్చ పొడిలా ఉండి, పళ్లపుల్లతో గీకితే రాలి, కింద గుంట కనబడితే అది కంచు రోగం. లోపల చేరిన క్లోరైడుకు (ఉప్పులో ఉండేదే) తేమ, గాలి తగిలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మళ్లీ లోహాన్ని తింటుంది. కళింగపట్నం ఉప్పుగాలిలో ఇది ఆగదు. ఇక తోమడానికి ఉప్పు వాడితే ఆ క్లోరైడును మనమే ఎక్కించినట్టు!

నాగావళి_ఒడ్డు:
త్రాసు మాట ఒప్పుకున్నాను. మరి 1944 చిల్లు కానీ మీద లాహోర్ టంకశాల 'ఎల్' ముద్ర మట్టిలో పూడిపోతే?

గంటస్తంభం:
డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లు వద్దు, వాటిలోనూ క్లోరిన్ ఉంటుంది. మట్టి మెత్తబడ్డాక వెదురు పుల్లతో అంచుల నుంచి లేపండి. సూది, ఇనుప బ్రష్ పెడితే గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు. జిడ్డుంటే స్వచ్ఛమైన ఎసిటోన్‌లో ముంచి తీయండి. గోళ్ల రంగు తుడిచే రిమూవర్‌లో నూనె, సువాసన కలుపుతారు, అది పనికిరాదు.

వంశధార_77:
రోగమున్న వాటికి వట్టి నీళ్లు చాలవు. 5 శాతం సోడియం సెస్క్వికార్బొనేట్ (సోడా లాంటి క్షార లవణం) ద్రావణంలో వారాల తరబడి ఉంచి మారుస్తూ ఉండాలి. పొర రంగు కొంత మారవచ్చు, అయినా నాణెం నిలుస్తుంది.

గంటస్తంభం:
రంగు మారేదాన్ని నేను మామూలు నాణేలకే ఒప్పుకుంటాను. అరుదైన వాటిని ముందు సిలికా జెల్ డబ్బాలో పెట్టి, తేమ లాగేశాక పొడి మళ్లీ వస్తుందో లేదో చూస్తాను. ఒక్క మాట, మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో మాత్రం ఎవరూ పెట్టకండి. అందులోంచి వచ్చే ఆకుపచ్చ జిగురు నాణేన్ని పట్టేస్తుంది.