విడాకులైపోయాక కూడా ఆయన అప్పు నన్నెందుకు అడుగుతున్నారు?

కుట్టుమిషను_తెనాలి:
అందరికీ నమస్కారం. మాది తెనాలి. ఇంటి ముందుగదిలో బ్లౌజులు కుడతాను. 2023లో మ్యూచువల్‌గా విడాకులు తీసుకున్నాం. ఎవరి అప్పులు వాళ్లవేనని ఒప్పందంలో రాసుకున్నాం, డిక్రీలోనూ అదే ఉంది.

మొన్న మంగళవారం రాత్రి ఎనిమిదింటికి ఇద్దరు బైకు మీద వచ్చారు. అప్పుడే ఒకావిడకి చేతి కొలత తీస్తున్నాను. "మీ ఆయన నాలుగు నెలల నుంచి కట్టట్లేదు, ఇక మీరే కట్టాలి" అని వీధంతా వినబడేలా అరిచారు. ఆవిడ జాకెట్ గుడ్డ మళ్లీ సంచిలో పెట్టేసుకుని "తర్వాత వస్తాలే అమ్మాయ్" అని వెళ్లిపోయింది. ఇంతవరకూ రాలేదు.

అప్పులు రెండు. పర్సనల్ లోన్‌కి నేనెక్కడా సంతకం పెట్టలేదు. 2021లో సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు మాత్రం "ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తే పెట్టేశాను. చదవలేదు. డిక్రీ చూపిస్తే "ఇది మాకు పనికిరాదమ్మా" అన్నారు. నిజమేనా?

వీధి_అరుగు:
పెళ్లయ్యాక చేసిన అప్పు ఇద్దరిదీ అవుతుందండి. కాలిఫోర్నియాలో మా చుట్టాలకి అలాగే అయింది.

పాత_లెడ్జర్:
అది అక్కడి చట్టం, ఇక్కడ వర్తించదు. భయపెట్టకండి.

అమ్మా, నేను బ్యాంకులో లోన్ సెక్షన్‌లోనే రిటైరయ్యాను. మన దగ్గర భార్య అయినంత మాత్రాన భర్త అప్పు మీద పడదు, సంతకం ఉంటేనే పడుతుంది. కాబట్టి ఆ పర్సనల్ లోన్‌తో నీకు సంబంధం లేదు. అప్లికేషన్‌లో రెఫరెన్స్‌గా నీ నంబర్ ఇచ్చి ఉంటాడు. రెఫరెన్స్ అంటే షూరిటీ (గ్యారంటర్) కాదు.

కారు లోన్ సంగతి వేరు. అక్కడ షూరిటీగానో కో-అప్లికెంట్‌గానో సంతకం పెట్టి ఉంటే వాళ్లన్నది నిజమే. డిక్రీ మీ ఇద్దరి మధ్యది, అందులో బ్యాంకు లేదు. 1872 కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం షూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం, ముందు నిన్నే అడిగినా తప్పు కాదు. నువ్వు కడితే ఆ డబ్బు అతని దగ్గర రాబట్టుకునే హక్కు నీకుంటుంది. డిక్రీ పనికొచ్చేది అక్కడే.

ముందు సిబిల్ రిపోర్టు తీయి, నీ పేరు మీద ఏ అప్పులున్నాయో అందులో తెలుస్తుంది, ఏడాదికోసారి ఉచితం. సంతకం పెట్టిన కాగితాల కాపీ బ్యాంకుని రాతపూర్వకంగా అడుగు. రాత్రి ఎనిమిదింటికి రావడం, పదిమందిలో అరవడం మాత్రం ఒప్పుకోకు. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ కూడా చేయకూడదని ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది. అప్పు ఇచ్చినవాళ్లకే ముందు కంప్లైంట్ రాయి. 30 రోజుల్లో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నాడు, నంబర్ 14448.

నాన్నపల్లకి:
అక్కా, నేనూ ఇలాగే ఇరుక్కున్నా. "సగం కట్టండి, సెటిల్ చేస్తాం" అంటే సంబరపడి కట్టాను. సిబిల్‌లో 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని పడింది, తర్వాత నాకు స్కూటీ లోన్ కూడా ఇవ్వలేదు. ఏం రాస్తారో ముందే కాగితం మీద తీసుకో.

కుట్టుమిషను_తెనాలి:
బాబాయిగారూ, రిపోర్టు తీశాను. పర్సనల్ లోన్ నా పేరున లేదు. కారు లోన్‌లో గ్యారంటర్ అని ఉంది. కారేమో వాళ్లన్నయ్య ఇంటి ముందు కవరు కప్పి ఉందట. దాన్ని పట్టుకుపోయి అమ్ముకుని, తగ్గితే అప్పుడు నన్ను అడగమని రేపు మా తమ్ముడితో వెళ్లి బ్రాంచిలో రాసిస్తాను. వింటారో లేదో మరి.

ఆ కారు నేనెక్కింది రెండుసార్లు. అందులో ఒకటి కోర్టుకి.