గడ్డం ఆనించి కూర్చుంటే రెప్పపాటు తగ్గుతుందా?

ఆప్టోమెట్రీ విద్యార్థిని, తిరుపతి
స్లిట్ ల్యాంపు (కంటిని పెద్దదిగా చూపే పరీక్ష పరికరం) ముందు గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తాకించి కూర్చున్నవారు, బయట బెంచీమీద ఎదురుచూస్తున్నప్పటికంటే తక్కువగా రెప్ప వేస్తున్నట్లు నాకు కనిపిస్తోంది. కంటి జబ్బేమీ లేని మా తోటి విద్యార్థులలోనూ ఇదే గమనించాను. తలకు ఆధారం దొరకడమే దీనికి కారణమా? మీ అనుభవాలు తెలుపగలరు.

కళ్లద్దాల దుకాణదారు, చిత్తూరు
పవర్ చూసే కంప్యూటర్ దగ్గరా అంతేనమ్మా. అయితే "లోపలి బెలూన్‌ను చూడండి, కదలకండి" అని చెప్పేది మనమే కదా. ఆ మాట విన్నవారు ఊపిరి సైతం బిగబట్టి కూర్చుంటారు. ఆ తగ్గుదలను గడ్డం పీటకు అంటగట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

విశ్రాంత ఫిజియాలజీ అధ్యాపకుడు, తిరుపతి
పై మిత్రుని అనుమానం సబబే, కానీ ఆధారం పాత్రను పూర్తిగా కొట్టివేయలేము. దానంతటది పడే రెప్పపాటు ఆరోగ్యవంతులైన పెద్దలలో నిమిషానికి సుమారు 15 సార్లు ఉంటుందంటారు గానీ, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. మాట్లాడేటప్పుడు పెరుగుతుంది, చదివేటప్పుడు బాగా తగ్గుతుంది. తల తిప్పి చూపును దూరంగా మళ్ళించినప్పుడు తరచుగా రెప్ప కూడా పడుతుంది. గడ్డం, నుదురు ఆనినప్పుడు తల తిరగదు, చూపు ఒకే చోట నిలుస్తుంది, దవడ కదలదు, మాట ఆగుతుంది. కనుక ఆ తగ్గుదలలో దేని వాటా ఎంతో ఊరికే చూసినంత మాత్రాన తేలదు.

గ్రూప్స్ అభ్యర్థి, తిరుపతి
చేతిమీద గడ్డం ఆనించి చదివితే నా కళ్ళు మండుతాయి. నిటారుగా కూర్చుని చదివినా అంతే మండుతాయి కాబట్టి, నా విషయంలో నేరం పుస్తకానిదే.

ఆప్టోమెట్రీ విద్యార్థిని
అయితే వీటిని విడదీసి చూడడం ఎలా సార్?

విశ్రాంత ఫిజియాలజీ అధ్యాపకుడు
ప్రతిసారీ అదే మనిషి, కంటి ఎత్తులో అదే గుర్తును చూడాలి. చూపు కిందికి దిగితే రెప్పల మధ్య సందు తగ్గి, రెప్పపాటూ తగ్గుతుంది. మన ఎండలకు కష్టమే అయినా ఫ్యాను ఆపండి, గాలికి కన్నీటి పొర ఆరితే రెప్పలు ఎక్కువగా పడతాయి. వీడియోకు ముందే అనుమతి తీసుకోండి గానీ, లెక్కిస్తున్నది రెప్పలనని ముగిసేదాకా చెప్పకండి. ఒకసారి ఆధారం లేకుండా, ఒకసారి గడ్డం, నుదురు రెండూ ఆనించి, మరొకసారి నుదురు మాత్రమే ఆనించి చూడండి. ఈ వరుసను ఒక్కొక్కరికి ఒక్కో విధంగా మార్చండి.

కళ్లద్దాల దుకాణదారు, చిత్తూరు
మూడోదానికి గడ్డం పీటను పూర్తిగా దించేస్తే చాలునమ్మా. మాట్లాడిస్తూ ఒకసారి, మాట్లాడించకుండా ఒకసారి తీస్తే, దవడ సంగతి కూడా అక్కడే తెలుస్తుంది.