అప్‌డేట్: ఆ వెండి నాణెం అబూ సయీద్‌ది కాదు, సాతీ బేగ్‌ది!

ఇల్‌ఖాన్‌ల (ఇరాన్‌ని ఏలిన మంగోలు రాజుల) కాలం నాటి చిన్న వెండి నాణెం కొన్నాను, అమ్మినాయన ఆ వంశపు రాజు అబూ సయీద్‌ది అన్నాడు, నిజమేనా అని పోయిన వారం అడిగాను కదా. ముందు తేదీ చూడమన్నవాళ్లకి చాలా థాంక్స్ అండి. సంవత్సరం అంకెల్లో లేదు, అరబిక్ మాటల్లో ఉంది, అదీ ఒకట్ల స్థానం నుంచి: తిస్అ్, సలాసీన్, సబ్అ్‌మియా. అంటే తొమ్మిది, ముప్ఫై, ఏడొందలు, 739 హిజ్రీ. అబూ సయీద్ 1335లోనే పోయాడు, ఇది 1338-39.

తర్వాత భూతద్దం పెట్టి మధ్య వరసలు చూస్తే 'అస్సుల్తానా' (అంటే సుల్తాన్‌కి స్త్రీలింగం), చివర 'ముల్కహా' (ఆవిడ రాజ్యం) కనిపించాయి. మగవాడైతే 'ముల్కహు' (ఆయన రాజ్యం) అని ఉండాలి. ఆ ఒక్క 'హా' దగ్గర నాకు ఒళ్లు జలదరించింది, ఆవిడ రాజ్యం కలకాలం నిలవాలని వెండి మీద కొట్టించారు! సాతీ బేగ్ అబూ సయీద్ తోబుట్టువు, చోబానీ అనే బలమైన కుటుంబం నాయకుడు హసన్ కూచక్ ఆవిడని గద్దె ఎక్కించి, ఏడాది తిరక్కుండానే దింపి సులేమాన్ ఖాన్‌కిచ్చి బలవంతంగా పెళ్లి చేశాడు. టంకశాల పేరు అంచు దగ్గర అరిగిపోయింది, రేపు పగటి వెలుతురులో ఫొటో తీసి పెడతాను.