ప్లేనో వచ్చి నాలుగు నెలల్లో ఆరు కేజీలు పెరిగాను, ఫ్రాన్స్‌లో ఇలా లేదు, సలహా కావాలి

ప్లేనో, టెక్సస్ నుంచి:

అందరికీ నమస్తే. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో రెండేళ్ళు మాస్టర్స్, తర్వాత అక్కడే ఏడాదిన్నర ఉద్యోగం చేసి కంపెనీ ట్రాన్స్‌ఫర్ మీద ప్లేనో వచ్చాను. అక్కడ రోజూ బ్రెడ్డు, బటరు, చీజు, మధ్యాహ్నం డెసర్ట్‌తో సహా తిన్నా 68 కేజీలు దాటలేదు. ఇక్కడ 74కి వచ్చాను. ఇంట్లో వండుకునేది అదే పప్పు, అదే కూర, బయట కూడా పెద్దగా తినను, జిమ్‌కి వారానికి రెండుసార్లు వెళ్తున్నా. వీడియో కాల్‌లో అమ్మ ఒళ్ళు చేశావురా అని సంతోషపడుతోంది గానీ నాన్నకి షుగర్ ఉంది, అందుకే నాకు భయంగా ఉంది. రెండు దేశాల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్. అన్నం మానేయాలా?

ఫ్రిస్కో నుంచి:

తమ్ముడూ, అన్నం మానేయకు, ముందు ఆ మాట చెప్పి మిగతాది చెప్తా. నేను ఫ్రాన్స్‌లోనే లియోన్‌లో ఆరేళ్ళున్నా, ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయింది, మొదటి ఏడాది నాకూ అచ్చం ఇదే జరిగింది, కారణం దొరకడానికి చాలా కాలం పట్టింది.

లియోన్ ఆఫీసులో మొదటి వారం, నేను కంప్యూటర్ ముందే బాక్సు తెరిచి పులిహోర తింటూ పని చేసుకుంటుంటే పక్క సీటావిడ వచ్చి ఒంట్లో బాలేదా, ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని అడిగింది. ఆవిడకి నిజంగానే కంగారేసింది, మనిషి ఒక్కతే స్క్రీన్ ముందు తింటోందంటే ఏదో జరిగిందనే అనుకుంది. పని చేసే చోట భోజనం చేయకూడదని అక్కడ లేబర్ కోడ్‌లోనే ఉంది, 2021లో కోవిడ్ అని తాత్కాలికంగా సడలించారంతే. మర్నాటి నుంచి పన్నెండయితే చాలు వచ్చి లేపేది. క్యాంటీన్ ట్రేలో చిన్న గిన్నెడు క్యారెట్ తురుము, ఓ చేప ముక్క పక్కన బీన్స్, వేలెడంత చీజు, 125 గ్రాముల పెరుగు కప్పు, ఓ ముక్క బ్రెడ్డు, బల్ల మీద అందరికీ కలిపి మంచినీళ్ళ జగ్గు. ముప్పావుగంట కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తినేవాళ్ళం. ట్రే వెనక్కి పెట్టాక ఇంక రాత్రి ఏడున్నర దాకా తిండి ఊసు ఉండదు, పిల్లలకి మాత్రం నాలుగున్నరకి గూతే అని ఏదో కాస్త పెడతారు. రెండు దాటాక చాలా రెస్టారెంట్లలో వంటిల్లు మూసేస్తారు, నీకు తెలిసిందేగా.

ఇక్కడ మీటింగ్‌లోకే లంచ్ వస్తుంది, ప్యాంట్రీలో చిప్స్, కుకీలు రోజంతా ఊరికే ఉంటాయి, కారులో ప్రతి సీటుకీ కప్పు పెట్టుకునే చోటుంది. తినడానికి ఒక వేళ అంటూ లేకపోయేసరికి తినడం అయిపోయింది అనే మాట కూడా లేకుండా పోయింది. నా బరువు పెరిగింది అక్కడే. బటర్ వల్ల కాదు, అన్నం వల్లా కాదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కూడా కాదు. పాల్ రోజిన్ అనే సైకాలజిస్టు, వాళ్ళ టీం పారిస్‌లో, ఫిలడెల్ఫియాలో ఒకే తరహా హోటళ్ళలో ప్లేట్లు తూకం వేసి 2003లో పేపర్ వేశారు, సగటున పారిస్‌లో 277 గ్రాములు వడ్డిస్తే ఫిలడెల్ఫియాలో 346. ఇంకోటి, బర్గర్ షాపులో కూర్చున్నవాళ్ళని చూస్తే పారిస్ వాళ్ళు 22 నిమిషాలు తింటే ఇక్కడివాళ్ళు 14 నిమిషాల్లో ముగించారు. తక్కువ తిండి ముందు ఎక్కువసేపు కూర్చున్నారన్నమాట, నా దృష్టిలో అసలు సంగతంతా అక్కడే ఉంది.

తర్వాత చక్కెర. అక్కడ రెస్టారెంట్లలో ఫ్రీగా సోడా, అదే తియ్యటి కూల్‌డ్రింకు, మళ్ళీ మళ్ళీ నింపుకోవడం 2017 నుంచి నిషేధం, స్కూళ్ళలో వెండింగ్ మెషీన్లు 2005లోనే తీసేశారు. ఇక్కడ 355 మిల్లీల కోకా కోలా క్యానులో 39 గ్రాముల చక్కెర, అంటే దాదాపు పది చెంచాలు, పైగా హోటళ్ళలో మనమే నింపుకునే సోడా ఫౌంటెన్ దగ్గర క్యాను లెక్క కూడా ఉండదు. బ్రెడ్డు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదువు, చాలావాటిలో చక్కెర ఉంటుంది, పాస్తా సాస్‌లో, పెరుగులో, చివరికి సలాడ్ డ్రెస్సింగ్‌లో కూడా. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కెవిన్ హాల్ టీం 2019లో 20 మందిని వాళ్ళ దగ్గరే ఉంచుకుని రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి ఎంత కావాలంటే అంత తినమంటే, ప్యాకెట్ తిండి రోజుల్లో మనిషికి రోజుకి 500 క్యాలరీల దాకా ఎక్కువ తిన్నారు, ఒక్కొక్కళ్ళు కేజీకి దగ్గరగా పెరిగారు. రెంటిలోనూ చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేట్టు వడ్డించినా సరే అలా జరిగింది. కాబట్టి నీకు నిగ్రహం లేదనుకుని నిన్ను నువ్వు తిట్టుకోకు.

నడక గురించి నీకు వేరే చెప్పక్కర్లేదు, నీ ఫోన్‌లో గ్రెనోబుల్ అడుగులు, ఇక్కడి అడుగులు పక్కపక్కన పెట్టి చూసుకో. ట్రామ్ దాకా నడక, నాలుగో అంతస్తుకి మెట్లు, ఇవన్నీ మనం వ్యాయామం అనుకోలేదు. సరుకులు కూడా అంతే, అక్కడ చేతులు మోసినంతే కొనేవాళ్ళం, ఇక్కడ డిక్కీ పట్టినంత కొంటున్నాం, కొన్నది ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు తింటారు కదా.

ఇక మనవాళ్ళ పార్టీలు. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. ఆరింటికి రమ్మంటారు, వెళ్ళగానే మిర్చి బజ్జీలు, పునుగులు, చికెన్ 65, కేకు కోసేసరికి తొమ్మిది, భోజనం పదింటికి, వెళ్ళేటప్పుడు అల్యూమినియం ట్రేలో బిర్యానీ కట్టిస్తారు, వద్దంటే బాధపడతారు. ఆ బిర్యానీ ఆదివారం, సోమవారం కూడా నడుస్తుంది. వెళ్ళడం మానకు, కొత్తగా వచ్చినవాడివి, నలుగురూ కావాలి. ఏడింటికి ఇంట్లో పెరుగన్నం తినేసి కాస్త ఆలస్యంగానే వెళ్ళు, అక్కడ నచ్చినవి రెండు ముక్కలు తిను, ట్రే మాత్రం పిల్లలున్న వాళ్ళకి ఇప్పించు.

ఆఖరుగా, దయచేసి ఈ నెలలోనే ఫిజికల్, అంటే డాక్టర్ దగ్గర ఫుల్ చెకప్, చేయించుకో, చాలా ఇన్సూరెన్సుల్లో ఏడాదికోసారి ప్రివెంటివ్ చెకప్‌కి కోపే (మన జేబులోంచి కట్టే వాటా) ఉండదు. మూడు నెలల సగటు షుగర్ చూపించే ఎ1సి టెస్టు రాయమని అడుగు, నాన్నగారికి షుగర్ ఉందని తప్పకుండా చెప్పు, 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ, అంటారు. ఇక్కడ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 25 దాకా నార్మల్ అంటారు గానీ ఆసియా వాళ్ళకి 23 నుంచే జాగ్రత్త పడాలని డబ్ల్యూహెచ్ఓ నిపుణులు 2004లోనే చెప్పారు, మనకి పొట్ట దగ్గర ముందు చేరుతుంది. మావారికి బరువు నార్మల్ అంటూనే షుగర్ బయటపడింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

టులూజ్, ఫ్రాన్స్ నుంచి:

అక్క చెప్పింది నిజమే తమ్మీ, కానీ ఫ్రాన్స్ల అందరు సన్నగుంటరు అనుకోకుండ్రి. ఈడ కూడా 1997ల 8.5 శాతం ఉన్న ఒబీసిటీ 2020కి 17 శాతం అయింది, ఉత్తరం దిక్కు ఇంకా ఎక్కువ. అమెరికాల 40 శాతం అంటరు గానీ ఈడ జనాన్ని అడిగి రాసుకున్న లెక్క, ఆడ కొలిచిన లెక్క, అసలు తేడా కనపడేదానికన్న జర తక్కువే ఉంటది, అయినా పెద్దదే. ఈడ సిగరెట్లు కూడా ఎక్కువ తాగుతరు, అది చూసి నేర్చుకోవద్దు. నా రూమ్మేట్ రోజు రాత్రి పదింటికి కబాబ్, ఫ్రైస్ తిని ఏడాదిల పది కిలోలు పెరిగిండు, ఊరు ఇదే, ట్రామ్ ఇదే. క్యాంటీన్ల టైంకి తిన్నోళ్ళకే లాభం.

ప్లేనో నుంచి:

అక్కా, అన్నా, థాంక్యూ సో మచ్. మీరు చెప్పాక మూడు రోజులు నోట్లో పెట్టుకున్న ప్రతిదీ ఫోన్‌లో రాశాను. ఫ్లేవర్డ్ క్రీమర్ వేసుకున్న కాఫీ రోజుకి మూడు, ఆఫీసులో సోడా ఒకటి, ఇంటికొచ్చేటప్పుడు కారులో గ్రనోలా బారు, రాత్రి ఏదో చూస్తూ అమ్మ పంపిన కారప్పూస డబ్బాలో నాలుగో వంతు. ఇవేవీ నేను ఇన్నాళ్ళూ తిండి లెక్కలో వేయలేదు. అడుగులు గ్రెనోబుల్‌లో రోజుకి తొమ్మిది వేలు, ఇక్కడ రెండున్నర వేలు. మీటింగులో లంచ్ వస్తే ఏం చేయాలి? ఇంకో విషయం, ఇంట్లో డైనింగ్ టేబుల్ లేదు, సోఫాలో ప్లేటు ఒళ్ళో పెట్టుకుని తింటున్నా.

ఫ్రిస్కో నుంచి:

క్యాలెండర్‌లో పన్నెండు నుంచి పన్నెండూ నలభై ఐదు బ్లాక్ చేసెయ్యి, నేను అడిగితే మా మేనేజర్ ఒక్క మాట కూడా అనలేదు. మీటింగు తప్పనిసరైతే అక్కడ మంచినీళ్ళు తాగు, అయ్యాక కిందకెళ్ళి నీ బాక్సు నువ్వు తిను. సోడా ఈ రోజే ఆపు, కాఫీలో మామూలు పాలు పోసుకో. కుక్కర్‌తో వచ్చే కప్పుతో ఒక కప్పు బియ్యం నీ ఒక్కడికి రెండు పూటలకి సరిపోతుంది, కూర, పప్పు ఎక్కువ వేసుకో. రాత్రి తిన్నాక ఇరవై నిమిషాలు నడువు, ఎండాకాలం ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి కూడా వేడి తగ్గదు కాబట్టి ఏ మాల్‌లోనో పెద్ద స్టోర్‌లోనో నడువు, అందరూ అదే చేస్తారు. కారప్పూస డబ్బా ఎత్తుగా పెట్టేసి, తినాలనిపిస్తే గిన్నెలోకి తీసుకుని టేబుల్ దగ్గర కూర్చుని తిను.

టేబుల్ లేదన్నావుగా, మా గరాజ్‌లో ఇద్దరికి సరిపడేది ఒకటుంది, రెండు కుర్చీలతో సహా, ఎప్పట్నుంచో ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నా. శనివారం పన్నెండింటికల్లా వచ్చెయ్యి, మా ఇంట్లో భోంచేసి టేబుల్ తీసుకెళ్దువుగాని. అడ్రస్ విడిగా మెసేజ్ చేస్తా.