జర్మనీకి మాస్టర్స్‌కి వెళ్తున్నా, చదువు కాకుండా ఇంకేం గోల్స్ పెట్టుకోవాలి?

ఖమ్మం_పిల్ల:
అందరికీ హాయ్. నాది ఖమ్మం, బీటెక్ ఈసీఈ, అక్టోబర్‌లో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కి కెమ్నిట్జ్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్‌కి అడ్మిట్ వచ్చింది. ఏపీఎస్ (మన సర్టిఫికెట్లు నిజమైనవేనా అని జర్మన్ ఎంబసీ వాళ్లు చేసే చెకింగ్) అయిపోయింది, బ్లాక్డ్ అకౌంట్‌లో (అక్కడి ఖర్చులకి ముందే వేసే డబ్బు, నెలనెలా కొంతే తీసుకోవచ్చు) 11,904 యూరోలు వేశాం (నాన్న లోన్ పేపర్ల మీద సంతకాలు పెడుతుంటే నాకు చెమటలు పట్టాయి), వీసా అపాయింట్‌మెంట్ కోసం చూస్తున్నాం. పేపర్ల సంగతి ఎవర్ని అడిగినా చెప్తున్నారు కానీ అక్కడికెళ్లాక నేనేం చేయాలి అని ఎవరూ చెప్పట్లేదు. డైరీలో రాసుకుంటూ పోతే జర్మన్ బీ2 (ఏ1, ఏ2, బీ1 తర్వాత వచ్చే లెవెల్), కంపెనీలో థీసిస్, జిమ్, స్విమ్మింగ్, పది దేశాలు తిరగడం, తెలుగువాళ్లు కాని ఫ్రెండ్స్, సగం లోన్ అక్కడుండగానే కట్టేయడం, అన్నీ వచ్చేశాయి. మా అన్నయ్య చూసి ఇది రెండేళ్లకా రెండు జన్మలకా అన్నాడు. మీరైతే ఏవి ఉంచుతారు ఏవి తీసేస్తారు?

ఎల్బే_ఒడ్డు_అక్క:
కంగ్రాట్స్ చెల్లీ. నేను మాగ్డెబర్గ్‌లో చదివి ఇక్కడే జాబ్ చేస్తున్నా. నీ లిస్ట్‌లో నేను ఉంచేది జర్మన్ ఒక్కటే, ఎందుకంటే మిగతా సగం దాని వెంటే వస్తాయి. కంపెనీలో థీసిస్ కావాలన్నా, జర్మన్ ఫ్రెండ్స్ కావాలన్నా, డాక్టర్ రిసెప్షన్‌కి ఫోన్ చేసి నొప్పి ఎక్కడో చెప్పాలన్నా అదే. కోర్సు ఇంగ్లిష్‌లోనే కదా అని చాలామంది ఏ1తో ఆపేస్తారు, తర్వాత చదువయ్యాక జాబ్ వెతుక్కోడానికి ఇచ్చే 18 నెలల్లో కూర్చుని బీ1 పుస్తకం తెరుస్తారు, అప్పటికి రెంటు ఒక పక్క, ఈఎంఐ ఒక పక్క. ఎంబెడెడ్ అంటే పెద్ద కార్ల కంపెనీలే కాదు, ఊరి చివర చిన్న చిన్న కంపెనీలు బోలెడుంటాయి, వాటిలో మీటింగ్ అంతా జర్మన్‌లోనే. పైగా ఇక్కడ డిగ్రీ చేసి, దానికి తగ్గ జాబ్‌లో రెండేళ్లు పెన్షన్ కడుతూ చేస్తే పర్మనెంట్ రెసిడెన్స్‌కి అప్లై చేయొచ్చు, దానికి కూడా బీ1 అడుగుతారు.
ఇంకోటి, బీ2 అని రాసుకుంటే లాభం లేదు, అది డైరీలోనే ఉండిపోతుంది. మంగళవారం సాయంత్రం యూనివర్సిటీ లాంగ్వేజ్ సెంటర్ క్లాస్, శనివారం ఎవరైనా టాండెమ్ పార్ట్‌నర్‌తో కాఫీ (నువ్వు వాళ్లకి ఇంగ్లిష్ నేర్పు, వాళ్లు నీకు జర్మన్), ఇలా రోజు పేరుతో రాసుకో. హైదరాబాద్ గోథే సెంట్రమ్‌లో ఇప్పుడే ఏ1 ఏ2 లాగించేసి రా, ఇక్కడికొచ్చాక సెమిస్టర్ మొదలైతే ఊపిరాడదు.

మిర్చియార్డు:
అక్క చెప్పింది కరెక్టే గానీ లోన్ ఉన్నోడి బాధ వేరు అండి. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి 992 యూరోలు వస్తాయి, అందులో రూము, ఇన్సూరెన్స్, తిండి పోగా మిగిలేది ఏం ఉండదు. సగం లోన్ అక్కడుండగానే అనేది తీసేయండి, వడ్డీ వరకు కట్టగలిగితే గొప్ప. స్టూడెంట్స్‌కి ఏడాదికి 140 ఫుల్ డేస్ లేదా 280 హాఫ్ డేస్ పని చేసుకోవచ్చు, 2025లో మినిమం వేజ్ గంటకి 12.82 యూరోలు, లెక్కేస్తే బానే కనిపిస్తది కానీ వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ల్యాబ్‌కి వెళ్తే అక్కడ నిద్రే. యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ దగ్గర హివి జాబ్ (స్టూడెంట్ అసిస్టెంట్ పని) చూసుకోండి, అది ఆ 140 రోజుల లెక్కలోకి రాదు, రెజ్యూమేలో పెట్టుకోవచ్చు, ఆ ప్రొఫెసరే రేపు థీసిస్‌కి పనికొస్తాడు. మొదటి సెమిస్టర్‌లో మార్కులు బాగుంటేనే ఇస్తారు కాబట్టి మీ మొదటి ఆరు నెలల గోల్ అదే అనుకోండి. పది దేశాలంటారా, కెమ్నిట్జ్ నుంచి ప్రాగ్ దగ్గరే, ముందు అది చూడండి 😄

ఎల్బే_ఒడ్డు_అక్క:
@మిర్చియార్డు హివి పాయింట్ బాగా చెప్పారు. కానీ జర్మన్ వస్తే వేర్‌హౌస్ బదులు కెఫేలో పని దొరుకుద్ది, అక్కడ నాలుగు ముక్కలు మాట్లాడటం కూడా అవుతుంది, అందుకే నేను దాన్నే పట్టుకుని కూర్చున్నా.

తిరిగొచ్చిన_బాబాయ్:
నేను ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నా, అక్కడ కొన్నాళ్లు ఉండి వచ్చినవాణ్ణి. జిమ్, స్విమ్మింగ్ తీసేయమని వీళ్లు చెప్పేస్తారేమో, తీయకమ్మా. అక్టోబర్‌లో దిగుతున్నావ్, డిసెంబర్‌కి సాయంత్రం నాలుక్కే చీకటి, ఆదివారం షాపులు మూత, వీధిలో పిట్ట ఉండదు. అప్పుడు రూములో నలుగురం తెలుగువాళ్లమే చేరి ఫోన్లు చూసుకుంటూ పడుకుంటే మూడు నెలలు ఎట్లా పోయాయో తెలీదు. యూనివర్సిటీ స్పోర్ట్స్‌లో ఏదో ఒక కోర్సులో పేరిచ్చేయ్, ఫీజు తక్కువ, స్లాట్లు ఓపెనైన రోజే నిండిపోతాయి కాబట్టి తేదీ చూసుకుని కూర్చోవాలి. మన వాళ్లని వదిలేయమని కాదు, జ్వరమొస్తే రసం పెట్టిచ్చేది వాళ్లే. వారంలో ఒక సాయంత్రం మాత్రం తెలుగు వినపడని చోట ఉండు, చాలు.
ఇంట్లో వాళ్లకి ఫోన్ కూడా ఒక టైమ్ పెట్టుకో. చలికాలం మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటలు తేడా, నువ్వు రాత్రి తొమ్మిదికి చేస్తే అమ్మ ఒంటిగంటన్నర దాకా మేలుకోవాలి.

ఖమ్మం_పిల్ల:
అందరికీ చాలా థ్యాంక్స్ 🙏 పది దేశాలు, సగం లోన్ కొట్టేశా. మొదటి సెమిస్టర్‌కి మూడే: మార్కులు, వారానికి రెండు సాయంత్రాలు జర్మన్, ఒక స్పోర్ట్స్ కోర్సు. మిగతావి ఏప్రిల్‌లో సమ్మర్ సెమిస్టర్ మొదలయ్యాక చూస్తా. వంట మాత్రం రేపట్నుంచే, అమ్మ ఇప్పటికే రెండు కేజీల నెయ్యి కాచి పెట్టింది, ఆవకాయతో పాటు అది కూడా తెచ్చుకోవచ్చా?

మిర్చియార్డు:
ఆవకాయ తెచ్చుకోండి, మూత గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ బ్యాగ్‌లో. నెయ్యి, పాలకోవా వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేనివ్వరు, కస్టమ్స్‌లో పట్టుకుంటే తీసి పడేస్తారు. ఇక్కడ వెన్న దొరుకుద్ది, కాచుకోవడమే.