అప్‌డేట్: ఫిజిక్స్ ఫెయిల్ అయిన మా అబ్బాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది

ఇంటర్ సెకండియర్ (తెలంగాణ, ఎంపీసీ) ఫిజిక్స్‌లో మా వాడు కొద్ది మార్కుల్లో తప్పాడని, ఎప్‌సెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) ర్యాంకు పనికొస్తుందా అని అడిగాను కదా. జవాబిచ్చిన వాళ్లందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఒక్క సలహా: "రీవెరిఫికేషన్ (జవాబు పత్రం మళ్లీ పరిశీలించడం) పెట్టండి, కానీ దాని కోసం ఆగకుండా సప్లిమెంటరీ ఫీజు ముందు కట్టేయండి." అదే చేశాం. పేపర్‌కు 600 కట్టి తెప్పించిన స్కాన్ కాపీలో దిద్దని జవాబు ఏదీ లేదు, మార్కులు మారలేదు. ఆ ఫలితం కోసం కూర్చుని ఉంటే సప్లిమెంటరీ గడువు దాటిపోయేది. అయితే కాపీ చూశాక లాభమే జరిగింది. వాడు సూత్రం రాసి, లెక్క చివర యూనిట్లు వదిలేస్తున్నాడని లెక్చరర్ పట్టుకున్నారు. సప్లిమెంటరీలో సులువుగానే పాసయ్యాడు.

నేను టెన్షన్ పడ్డ ఇంటర్ వెయిటేజీ (ర్యాంకులో ఇంటర్ మార్కులను కలపడం) అసలు లెక్కలోకే రాలేదు. తెలంగాణలో 2023 నుంచి ర్యాంకు పూర్తిగా ఎప్‌సెట్ మార్కుల మీదే. ఆంధ్రలో మాత్రం 25 శాతం వెయిటేజీ ఉంది, అక్కడి వాళ్లు గమనించండి. తెలంగాణలో ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) ఓసీలకు 45, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉండాలి, అంతే.

కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీలు, బ్రాంచీల జాబితా) పోయినేడాది ఏ ర్యాంకు వరకు సీటు వచ్చిందో చూసి పొడుగ్గా పెట్టాం. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది, వాడడిగింది సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్). రెండు రోజులు అలిగాడు, ఇప్పుడు క్లాసులకు వెళ్తున్నాడు. మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తానన్న ఏజెంటు ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు.