ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు: డేటా తరలించే ముందు ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న (పొదుపులెక్క)

అందరికీ నమస్కారం. మా పరపతి సహకార సంఘంలో సభ్యుల ఖాతాలు, అప్పులు, వడ్డీ లెక్కలు పద్నాలుగేళ్లుగా ఒరాకిల్ డేటాబేస్ మీద నడుస్తున్నాయి. దాదాపు 180 టేబుళ్లు, 60 పైచిలుకు పీఎల్/ఎస్‌క్యూఎల్ (ఒరాకిల్ సొంత ప్రోగ్రామింగ్ భాష) ప్యాకేజీలు, అంటే ప్రోగ్రామ్‌ల కట్టలు, ఉన్నాయి. డేటా మాత్రం 90 జీబీ లోపే. కొత్త సర్వర్ కొనే సమయం వచ్చింది కనుక ఈ సందర్భంలోనే ఓపెన్ సోర్స్ డేటాబేస్‌కు మారాలని పాలకవర్గం తీర్మానించింది. పోస్ట్‌గ్రెస్, మారియాడీబీ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోలేకపోతున్నాం. పని చేయవలసింది నేనూ, మరొక ప్రోగ్రామరూ మాత్రమే. ఒక ఆదివారం కార్యాలయానికి సెలవు ఉన్నప్పుడు మార్పిడి ముగించగలమా? సభ్యుల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయన్నది కూడా దృష్టిలో పెట్టుకుని సలహా ఇవ్వగలరు.

సమాధానం (పాతడీబీఏ)

90 జీబీని ఒక్క ఆదివారంలో తరలించడం కష్టమేమీ కాదండీ. కష్టమంతా ఆ 60 ప్యాకేజీలలో ఉంది. పద్నాలుగేళ్లుగా ఒరాకిల్ స్వభావాన్ని నమ్ముకుని రాసిన కోడ్ అది. ఆ స్వభావం పోస్ట్‌గ్రెస్‌లో వేరుగా ఉంటుంది. ముందుగా ఓరా2పీజీ అనే ఉచిత పరికరంతో ఖర్చు అంచనా నివేదిక తీయించండి. ఏ ప్యాకేజీ సులువుగా మారుతుందో, దేన్ని చేత్తో తిరగరాయాలో అది వస్తువారీగా లెక్కగట్టి చూపిస్తుంది. ఆ నివేదిక చేతిలో లేకుండా పాలకవర్గానికి తేదీ చెప్పవద్దు.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బ తీసేది ఖాళీ స్ట్రింగ్, అంటే ఒక్క అక్షరమూ లేని మాట. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ అన్నా నల్ (విలువే నమోదు కాకపోవడం) అన్నా ఒకటే. పోస్ట్‌గ్రెస్‌లో అవి రెండూ వేర్వేరు. అంతకన్నా ముఖ్యం, ఒరాకిల్‌లో ఒక మాటకు నల్‌ను రెండు నిలువు గీతలతో కలిపితే ఆ మాట అలాగే మిగులుతుంది, పోస్ట్‌గ్రెస్‌లో మొత్తం ఫలితమే నల్ అవుతుంది. రసీదు మీద ఇంటిపేరు, పేరు కలిపి అచ్చువేసే కోడ్ మీ దగ్గర తప్పకుండా ఉంటుంది. మార్చకుండా వదిలేస్తే, ఇంటిపేరు నమోదు కాని సభ్యుడి రసీదులో అసలు పేరు కూడా కనిపించదు. ఎక్కడా ఎర్రర్ రాదు కనుక ఆ సంగతి సభ్యుడు కౌంటర్ దగ్గర రసీదు చూసుకునేదాకా బయటపడదు. అటువంటి చోట్ల నల్‌ను వదిలేసి మిగతా మాటలను కలిపే కన్‌క్యాట్ ఫంక్షన్ వాడండి.

రెండవది తేదీ. ఒరాకిల్ డేట్‌లో గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా ఉంటాయి, పోస్ట్‌గ్రెస్ డేట్‌లో ఉండవు. అందుకే ఓరా2పీజీ దానిని టైమ్‌స్టాంప్‌గా (తేదీ, సమయం రెండూ ఉండే రకం) మారుస్తుంది. అయితే ఒరాకిల్‌లో ఒక తేదీలోంచి మరొక తేదీని తీసివేస్తే రోజుల సంఖ్య వస్తుంది, పోస్ట్‌గ్రెస్‌లో రెండు టైమ్‌స్టాంపుల తేడా ఒట్టి సంఖ్యగా కాక ఇంటర్వెల్‌గా (కాలవ్యవధి) వస్తుంది. వడ్డీ రోజులు లెక్కించే ప్రతి వాక్యాన్నీ విడివిడిగా చూడక తప్పదు.

ఇక డబ్బు విషయం, దీన్ని దయచేసి తేలికగా తీసుకోవద్దు. ఓరా2పీజీలో పీజీ_న్యూమరిక్_టైప్ అనే అమరిక ముందుగానే 1గా ఉంటుంది. అలా వదిలేస్తే దశాంశాలున్న నంబర్ కాలమ్‌లు దశాంశాలను సుమారుగా మాత్రమే దాచే ఫ్లోటింగ్ పాయింట్ (ఫ్లోట్) రకాలుగా మారిపోతాయి. దానిని 0 చేసి, రూపాయలూ పైసలూ ఉన్న ప్రతి కాలమ్‌నూ దశాంశాలను కచ్చితంగా దాచే న్యూమరిక్‌గానే ఉంచండి. నా దృష్టిలో సభ్యుల సొమ్ము ఫ్లోట్‌లో పెట్టడం క్షమించరాని తప్పు.

సమాధానం (గోదారిగట్టు)

మారియాడీబీని చూడకుండా పక్కన పెట్టవద్దని నా మనవి. 10.3 వెర్షన్ నుంచి దానిలో ఒరాకిల్ మోడ్ ఉంది. ప్యాకేజీలతో సహా పీఎల్/ఎస్‌క్యూఎల్‌లో కొంత భాగాన్ని అది నేరుగా అర్థం చేసుకుంటుంది, ఖాళీ స్ట్రింగ్‌ను నల్‌గా చూసే అమరిక కూడా ఉంది. ఇద్దరే ఉన్న జట్టుకు అది చిన్న విషయం కాదు.

సమాధానం (పాతడీబీఏ)

నిజమే, పోస్ట్‌గ్రెస్‌లో ప్యాకేజీలు లేవు. ఒక్కొక్క ప్యాకేజీని ఒక స్కీమాగా (డేటాబేస్ లోపలి ఒక విభాగం) మార్చుకోవాలి. అయినా నేను పోస్ట్‌గ్రెస్ వైపే ఉన్నాను. ప్యాకేజీ మారియాడీబీలో ఎక్కినంత మాత్రాన లోపలి ప్రతి వాక్యమూ పని చేస్తుందని చెప్పలేం, కాబట్టి పరీక్షించే శ్రమ ఎలాగూ తప్పదు. మరొక కారణం, పోస్ట్‌గ్రెస్‌లో టేబుళ్ల నిర్మాణాన్ని మార్చే ఆదేశాలు కూడా ట్రాన్సాక్షన్ (అంతా జరగడమో, ఏదీ జరగకపోవడమో అయ్యే పనుల కట్ట) లోపలే జరుగుతాయి. వలస స్క్రిప్ట్ నలభయ్యవ వాక్యం దగ్గర ఆగిపోతే రోల్‌బ్యాక్ చేసి, అంటే చేసిన మార్పులన్నీ రద్దు చేసి, మొదటికి రావచ్చు. అర్ధరాత్రి పని చేసేవారికి ఆ ధీమా చాలా అవసరం. 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ వ్యవస్థ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ప్రతి ప్రధాన వెర్షన్‌కూ విడుదలైన నాటి నుంచి ఐదేళ్లు మద్దతు ఉంటుంది కనుక, మీరు పరీక్షలు మొదలుపెట్టే రోజున ఉన్న తాజా వెర్షన్ తీసుకోండి.

సమాధానం (అక్షరలక్ష)

తెలుగు పేర్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఒరాకిల్‌లో పేరు కాలమ్ పొడవును వార్‌చార్2(30) అని రాస్తే, ప్రత్యేకంగా చెప్పకపోతే అది 30 బైట్లు, 30 అక్షరాలు కాదు. అన్ని భాషల అక్షరాలనూ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో ప్రతి హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు మూడేసి బైట్లు తీసుకుంటాయి. ‘శ్రీనివాసరావు’ అనే పేరులో అటువంటి గుర్తులు 13 ఉన్నాయి, అంటే 39 బైట్లు. 30 బైట్ల కాలమ్‌లో ఆ పేరు పట్టదు. పోస్ట్‌గ్రెస్‌లో వార్‌చార్(30) అంటే 30 గుర్తులు, కనుక మారిన తరువాత ఇబ్బంది ఉండదు. కానీ ఇన్నేళ్లుగా పట్టని పేర్లను మీ ప్రోగ్రామ్ ఏమి చేసిందో ముందుగా చూడండి.

ప్రశ్న అడిగినవారి జవాబు (పొదుపులెక్క)

ఈ మాట చదివిన వెంటనే వెతికి చూశాను. పేరు కాలమ్ మాకు 30 బైట్లే. నమోదు స్క్రీన్ వెనుక కోడ్‌లో సబ్‌స్టర్‌బీ (బైట్ల లెక్కన మాటను కత్తిరించే ఒరాకిల్ ఫంక్షన్) తో పేరును 30 బైట్ల దగ్గర కోసి దాచుతున్నారు. ‘శ్రీనివాసర’ అని ఆగిపోయిన వరుసలు ఒక్క శాఖలోనే పదకొండు దొరికాయి. వారంతా మా సభ్యులే, మా రసీదుల మీద ఇన్నేళ్లూ సగం పేరుతోనే ఉన్నారు. ఇవి ఏ పరికరంతోనూ తిరిగి రావు కాబట్టి, సభ్యత్వ రిజిస్టర్లు తెరిచి చేత్తో దిద్దడం ఈ సోమవారం నుంచి మొదలుపెడుతున్నాం. ఆదివారం మార్పిడి ఆలోచన విరమించుకున్నాం.

సమాధానం (పాతడీబీఏ)

మంచి నిర్ణయం. పేర్లు దిద్దుతూనే రెండు డేటాబేస్‌లలోనూ నెలాఖరు వడ్డీ లెక్కను నడిపించి, ఖాతావారీగా పైసాతో సహా పోల్చండి. మొత్తాలు మాత్రమే పోలిస్తే ఒక ఖాతాలో పెరిగినది మరొక ఖాతాలో తగ్గి కలిసిపోవచ్చు. తేడా వచ్చిన మొదటి ఖాతాను ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.